తొమ్మిది లంకలకు సున్నం

ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో ఎన్ని రాళ్ళకు సున్నం వేయించానో నాకు లెక్క లేదు. కాలిబాట అంచు రాళ్ళు, చెట్ల చుట్టూ పాతిన రాళ్ళు, విగ్రహాల దిమ్మలు, ఊరికే దారికి అడ్డంగా పడి ఉన్నవి. వాటిలో తొమ్మిదింటి గురించి మాత్రం చెప్పాలి. అవి చెప్పకుండా మిగతా సర్వీసు గురించి గొప్పలు చెప్పుకుంటే అది అబద్ధమే అవుతుంది.

నేను డిప్యూటీ ఇంజనీరుగా రిటైరయ్యాను. మా మాటల్లో డీఈ. పార్కులు, రోడ్ల మధ్య మొక్కలు, కాలువ గట్ల అందచందాలు నా పని. ఏ ఆఫీసని అడక్కండి. తప్పు ఆఫీసుది కాదు, నాది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఇంజనీర్లు పెళ్ళిళ్ళలో కనిపించి "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటుంటారు. ఏ వరదలోనో గండి పూడ్చిన కథ వస్తుందని వాళ్ళ ఆశ. నేను సున్నం కథ మొదలుపెడితే సగం మంది ఐస్‌క్రీం దగ్గరకు వెళ్ళిపోతారు. మిగిలినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

పెద్దవాళ్ళెవరైనా వస్తున్నారంటే మేము చేసే పనులు కొన్ని ఉంటాయి. రోడ్డుకు రెండు పక్కలా ముగ్గు పోసినట్టు బ్లీచింగ్ పౌడరు గీతలు. చెట్ల మొదళ్ళకు నడుం ఎత్తున సున్నం, పైన జేగురు పట్టీ. కదలకుండా ఉన్న ప్రతి రాయికీ తెల్లరంగు. ఎవరూ రాతపూర్వకంగా చెప్పరు. చెయ్యకపోతే మాత్రం రాతపూర్వకంగా అడుగుతారు. ఈ పనిలో నన్ను మించినవాడు లేడని పేరుండేది. నా వెనక నన్ను 'సున్నం డీఈ' అనేవాళ్ళు. "ఆయన ముందు ఎక్కువసేపు కదలకుండా నిలబడకండ్రా, కొట్టించేస్తాడు" అని మా ఆఫీసులో ఒక జోకు. నాకది పొగడ్తలాగే వినిపించేది.

గుణదల దగ్గర, కాలువ గట్టున, మాకో పాత సామాన్ల యార్డు ఉండేది. విరిగిన బెంచీలు, తుప్పు పట్టిన ఉయ్యాలలు పడేసే చోటు. నా సర్వీసు ఇంకో రెండేళ్ళుందనగా, ఊళ్ళో బహిరంగ స్థలాల్లో కళాకారుల చేత ఏదైనా చేయించాలని మా పై అధికారికి ఉత్సాహం పుట్టింది. ఆయన్ని అందరం పెద్ద సారు అనేవాళ్ళం. ఆ యార్డు ఒకావిడకిచ్చారు. ఉయ్యూరు వైపు చెరుకు రైతుల ఇంటి ఆడపిల్ల, నలభైలోపు మనిషి. జపాన్‌లో తోటలు కట్టే ఒక పెద్దాయన దగ్గర మూడేళ్ళు పనిచేసి వచ్చింది. ఏం నేర్చుకున్నావమ్మా అని అడిగితే, "మొదటి ఏడాది రాళ్ళు ఎత్తడం, రెండో ఏడాది దించడం, మూడో ఏడాది ఊరికే చూడటం సార్" అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

అక్కడ నీళ్ళు లేని తోటలు ఉంటాయట. కంకర పరిచి, దాని మీద అలల్లా గీతలు గీసి, మధ్యలో రాళ్ళు నిలబెడతారట. గీతలే నీళ్ళు.

"పక్కనే కాలవ పెట్టుకుని నీళ్ళు లేని తోటేంటమ్మా?" అన్నాను.

"అందుకే సార్. కాలవని రోజూ దాటతాం, చూడం. ఇక్కడ లేకపోతే చూస్తారేమో." కొంచెం ఆగి, "వాళ్ళు కొండల్ని పెడతారు, సముద్రం పెడతారు. మనకున్నది కృష్ణ. నేను ఏటి మధ్య లంకల్ని పెడతాను. తొమ్మిది" అంది.

రాళ్ళ కోసం ఆవిడ క్వారీకి వెళ్ళలేదు. ఆ వేసవిలో కాలువకు నీళ్ళు కట్టేసినప్పుడు పాత రేవు మెట్ల దగ్గర గట్టు రాళ్ళు తీసి కాంక్రీటు పోస్తున్నారు. తీసిన రాళ్ళ గుట్టలో పదహారు రోజులు తిరిగి తొమ్మిదింటిని ఏరింది. మోకాలెత్తువి కొన్ని, నడుమెత్తువి కొన్ని. నా కంటికి అవి పాచిపట్టిన నల్లరాళ్ళు. నా చెయ్యి పట్టుకుని ఒక రాయి మీద పెట్టించింది. కింద నలుపు, పైన పసుపు కలిసిన ఆకుపచ్చ, ఇంకా పైన గోధుమరంగు. మధ్యలో ఒకదాని మీద ఒకటి సన్నటి గీతలు.

"ఒక్కో గీత ఒక్కో ఏడు నీళ్ళు నిలబడ్డ ఎత్తు సార్. ఏ పెయింటరూ వెయ్యలేడు. దయచేసి ఎవర్నీ తాకనివ్వకండి, కడగనివ్వకండి."

"అలాగే" అన్నాను. ఆ మాట మీకు గుర్తుండాలి. నాకు ఉండలేదు.

కంకర కోసం సన్న చిప్స్ తెప్పించాం. గీతలు గీయడానికి పళ్ళున్న చెక్క ఒకటి వడ్రంగి చేత చేయించింది. మా మనుషులు నలుగురు ప్రయత్నించారు. కోళ్ళు గీరినట్టు వచ్చింది. యార్డు ఊడ్చే కాంట్రాక్టు పనిమనిషి ఒకామె గోడ పక్కన నిలబడి చూస్తూ ఉంది. యాభై దాటిన మనిషి, లంక ఊళ్ళో పుట్టింది. అంతకుముందు పదిహేనేళ్ళు ఉయ్యూరు దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లు కళ్ళంలో ధాన్యం ఆరబెట్టే పని చేసింది.

"అమ్మాయిగారూ, ఇది ధాన్యం తిరగెయ్యటమేగాండీ?" అంది.

"రా అక్కా, చూపించు" అంది ఆర్టిస్టు.

ఆమె చెప్పులు విడిచి, చెక్క తీసుకుని, రాయి దగ్గర నుంచి వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. గోడ దాకా వెళ్ళి ఆగింది. తాడు పట్టి గీసినట్టున్నాయి గీతలు.

"ముందుకి నడిస్తే మన అడుగులే మిగుల్తాయండి. ఎనక్కి నడిస్తే మన అడుగు మనమే చెరుపుకుంటా పోతాం" అని మా వాళ్ళకు చెప్పింది. ఒకడు ఎగతాళిగా, "గోతిలో పడవా పిన్నీ?" అన్నాడు. "పదిహేనేళ్ళూ పడలేదురా. గొయ్యి యాడుందో చూసే మొదలెడతాం" అంది.

అప్పటి నుంచి తోట ఆమెదైంది. రోజూ పొద్దున్న గీతలు గీసేది. వాన పడితే చెదిరిన చోట సరిచేసేది. రాళ్ళ చుట్టూ గీతలు గుండ్రంగా తిరిగే చోట, లంక చుట్టూ నీళ్ళు ఎటు సుడి తిరుగుతాయో చిన్నప్పుడు చూసినదాన్ని బట్టి ఆమే మార్చింది. ఆర్టిస్టు తన బొమ్మ చెరిపేసి ఆమె చెప్పినట్టే కాయితం మీద మళ్ళీ గీసుకుంది.

కార్తీక మాసంలో ప్రారంభోత్సవం పెట్టారు. ముఖ్య అతిథి రాష్ట్రంలో బాగా పెద్ద మనిషి. ముందురోజు పొద్దున్న ఆయన మనుషుల్ని ఎక్కించుకురావడానికి గన్నవరం ఎయిర్‌పోర్టుకు వెళుతూ దారిలో యార్డు దగ్గర కారు ఆపించాను. దిగలేదు. అద్దం దించి చూశాను. గేటుకు రంగు పడింది, చెట్లకు సున్నం పడింది, దారి తెల్లగా మెరుస్తోంది. మధ్యలో ఆ తొమ్మిది నల్లరాళ్ళు. నాకు ఒళ్ళు మండింది. అంత నీటుగా సర్దిన చోట అవి కడగని అంట్లలా కనిపించాయి. ఆర్టిస్టు ఇంటి పని మీద ఉయ్యూరు వెళ్ళింది, మర్నాడు గాని రాదు. పనిమనిషిని పిలిచాను.

"ఆ రాళ్ళకి కూడా సాయంత్రానికి సున్నం పడాలి. పైన జేగురు పట్టీ."

ఆమె కారు దగ్గరకు వచ్చి మెల్లగా అంది. "అమ్మాయిగారు వాటి మీద చెయ్యి కూడా వెయ్యొద్దన్నారండీ."

"నీ హాజరు పుస్తకంలో సంతకం పెట్టేది అమ్మాయిగారా, నేనా?"

నేను అద్దం ఎత్తాను.

ఆర్డరు నాది. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా కాలం పట్టింది. కాబట్టి ఇంకోసారి రాస్తాను. ఆర్డరు నాది. తెలియక ఇచ్చింది కాదు. తాకొద్దని ఆర్టిస్టు చెప్పింది, తాకొద్దన్నారని పనిమనిషి గుర్తుచేసింది. అయినా ఇచ్చాను.

ఆమె ఏ పనైనా సగంలో వదిలే మనిషి కాదు. మూడు పూతలు వేసింది. నీలిమందు కలిపింది. జేగురు పట్టీ కొలిచినట్టు ఒకే ఎత్తులో దిద్దింది. మూడో పూత ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే పడింది. సాయంత్రం ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించి, తెల్లగా మెరిసే తొమ్మిది రాళ్ళనీ చూసి, "జపాన్‌లో కూడా ఇంత నీటుగా ఉంటాయా?" అని పెద్ద సారుని అడిగారు. "ఇంతకంటే ఎక్కడుంటాయండీ" అన్నారు పెద్ద సారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆర్టిస్టు ఉయ్యూరు నుంచి నేరుగా వచ్చింది. ఉపన్యాసాలు జరుగుతుండగా గేటులో కనిపించింది. లోపలికి వచ్చి మూడో రాయి మీద అరచెయ్యి ఆనించి తీసింది. అరచెయ్యంతా తెలుపు. నా వైపు తిరిగి, చాలా నెమ్మదిగా, "ఎవరండీ?" అంది.

నాకు జవాబు వెతుక్కోవాల్సిన పని కూడా పడలేదు. "మా వర్కర్లమ్మా. వాళ్ళకేం తెలుస్తుంది" అన్నాను.

నాలుగడుగుల దూరంలో ఆమె నిలబడి ఉంది. ప్రారంభోత్సవమని కొత్త చీర కట్టుకుని వచ్చింది. నా మాట విన్నది. ఆర్టిస్టు ఆమె వైపు చూసింది.

"నువ్వా అక్కా?"

"నేనే ఏశానండి" అంది ఆమె. అది నిజమే. ఆ చేతివేళ్ళు సున్నం కొరికి పగిలిపోయి ఉన్నాయి. ఆ వేళ్ళని చీర కొంగులో చుట్టుకుంది. ఇంకో మాట అంటుందేమోనని నేను భయపడ్డాను. అనలేదు.

వారం తిరక్కుండా ఆర్టిస్టు దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఈ తోట నాది కాదు, నా పేరు తీసేయండి అని. పెద్ద సారు నన్ను వివరణ అడిగారు. 'క్షేత్రస్థాయి కార్మికురాలి అత్యుత్సాహం వల్ల' అని రాసి సంతకం పెట్టాను. ఉత్సాహం అనే మాట అలా కూడా వాడొచ్చని సర్వీసులో నేర్చుకున్నాను. ఆయన కాంట్రాక్టరుకు ఒక ఫోన్ చేశారు. మర్నాటి నుంచి ఆమె రాలేదు.

నేను బాగానే నిద్రపోయాను. మీరు నమ్మాలి, మనసు అంత తేలిగ్గా గుచ్చుకోదు. ఒక ఫైలు వచ్చింది, ఒక ఫైలు వెళ్ళింది, అంతే.

రెండు నెలలకు ఆ ఫైలు మళ్ళీ నా బల్ల మీదకు వచ్చింది. పేరు లేని తోట మనకెందుకు, కంకర రోడ్డు పనికి పంపి లాను వేయండి, రాళ్ళు పగలగొట్టించండి అని పైనుంచి ఆదేశం. కొలతలకు యార్డుకు వెళ్ళాను. కంకర మీద కుక్కల అడుగులు. చెట్ల ఆకులు రాలి కుళ్ళుతున్నాయి. పళ్ళచెక్క గోడకు ఆనించి ఉంది, పళ్ళు పైకి పెట్టి. కంకరలో పెడితే పళ్ళు పాడవుతాయని ఆమె అలా పెట్టేది. రాళ్ళ చుట్టుకొలత కోసం టేపు పట్టుకుని ఒంగాను. గోడవైపున్న తొమ్మిదో రాయి వెనక, నేలకు దగ్గరగా, చేరెడు మేర సున్నం లేదు.

మొదట పూత రాలిపోయిందనుకున్నాను. వేలితో తడిమి చూశాను. రాలలేదు. దాని చుట్టూ అంచు కత్తిరించినట్టుంది. కావాలనే వదిలేసిన చోటు. ఆ చేరెడులో నలుపు ఉంది, పాచి ఉంది, రెండు నీటిగీతలు ఉన్నాయి.

ఎంతసేపు అక్కడ గొంతుక్కూర్చున్నానో తెలియదు. నాతో వచ్చిన గుమాస్తా, "బీపీనా సార్?" అని అడిగాడు.

ఆమె పాత పనికే వెళ్ళిందని తెలిసి, మర్నాడు సెలవు పెట్టి ఉయ్యూరు దారిలో ఆ మిల్లుకు వెళ్ళాను. కోతలైపోయిన రోజులు. విశాలమైన సిమెంటు కళ్ళం మీద ధాన్యం, పది పన్నెండు మంది ఆడవాళ్ళు. ఆమె నన్ను చూసి పని ఆపలేదు. వరస పూర్తయ్యేదాకా వెనక్కి నడిచి, అప్పుడు చెక్క పక్కన పెట్టి వచ్చింది. తలగుడ్డ తీసి దులిపింది.

"రాండి సారూ. ఎండలో నిలబడ్డారే."

"ఆ తొమ్మిదో రాయి..." అన్నాను.

"చూశారా?" ఆమె ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. "అమ్మాయిగారొచ్చి ముందెట్టా ఉండేదని అడిగితే చూపియ్యాలి గదండీ. ఆయమ్మ ఆ రోజు రాయి ఎనక్కి రాలా."

"నావల్ల తప్పు జరిగింది. నిన్ను మళ్ళీ పనిలో పెట్టిస్తాను. అది చెప్పడానికే వచ్చాను."

ఆమె కళ్ళం వైపు చూసింది. పక్కనున్నవాళ్ళు చెవులు రిక్కించి వింటున్నారు. ఆమె గొంతు తగ్గించలేదు.

"ఆ కాయితంలో నా మీద రాశారంటగా. అది కొట్టేశారా?"

"ఇంకా లేదు."

"అమ్మాయిగారికి చెప్పారా, ఎవురు ఎయ్యమన్నారో?"

"లేదు."

"అయితే మీరింకా రాలేదన్నమాట" అంది. "ఎండగా ఉంది, మజ్జిగ తాగి ఎళ్ళండి." మళ్ళీ వెళ్ళి చెక్క అందుకుంది.

మజ్జిగ తాగలేదు. ఆమె అన్నది నిజమని ఉయ్యూరు దాటకముందే తెలిసింది. నేను వెళ్ళింది ఆమె కోసం కాదు, బరువు దించుకుందామని. బరువు దించుకోవడం వేరు, తప్పు దిద్దడం వేరు.

ఆ సాయంత్రమే ఆర్టిస్టు ఇంటికి వెళ్ళి వరండాలో నిలబడే చెప్పేశాను. ఆవిడ అన్నది రాళ్ళ గురించి కాదు.

"నేను ఆవిడని చూసిన చూపు ఒకటుంది సార్, ఆ రోజు. అదెలా వెనక్కి తీసుకోను?"

"రేపు యార్డుకి రండి. ఒకటి చూపిస్తాను" అన్నాను.

వచ్చింది. తొమ్మిదో రాయి వెనక మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చేరెడు నలుపు మీద చెయ్యి పెట్టి, లేవలేదు. తర్వాత అక్కడి నుంచే మిల్లుకు వెళ్ళింది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అడగలేదు. తిరిగి వచ్చి నాతో చెప్పింది ఒక్కటే. "రాళ్ళని రుద్దొద్దంటోంది అక్క. రుద్దితే సున్నంతో పాటు ఉన్నదీ పోతుందంట. కాలవలోంచి వచ్చినయ్యి కాలవలోకే పంపమంటోంది."

ఇక మిగిలింది కాయితం. ఆ పని ఎలా చెయ్యకూడదో కూడా నాకు బాగా తెలుసు కాబట్టి, ఆర్డరు నాదేనని కొత్త వివరణ రాసుకుని తిన్నగా పెద్ద సారు గదిలోకి వెళ్ళాను. ఆయన చదివి కళ్ళద్దాలు తీశారు.

"ఏవయ్యా, ఇంకో పద్నాలుగు నెలల్లో దండలేయించుకుని వెళ్ళేవాడివి. ఇదెందుకు? ఆమెను పెట్టుకో, నేను ఫోన్ చేస్తా. కాయితం చింపేయ్."

"ఆమె కాయితమే అడిగింది సార్."

"ఎవరు?"

"యార్డు ఊడ్చే ఆవిడ."

ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "రేపు ప్రతివాడూ నీ దగ్గరకొచ్చి కాయితాలడుగుతాడు."

"అడగనివ్వండి సార్. ఇంకొకటి. రాళ్ళు పగలగొట్టొద్దు. వచ్చే ఏడు వేసవికల్లా నేను బాగుచేయిస్తాను. కాలవకి ఒక్కసారి నీళ్ళొచ్చి పోయేదాకా గడువు ఇవ్వండి."

"ఎలా చేయిస్తావ్?"

"నీళ్ళలో పెట్టి."

ఆయన నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. మెమో ఇచ్చారు, ఒక ఇంక్రిమెంటు ఆగింది. ఫైలు మీద మాత్రం 'గడువు ఇవ్వడమైనది' అని రాశారు. ఆ నెలలోనే ఆమె యార్డుకు తిరిగి వచ్చింది. హాజరు పుస్తకం నా ముందు పెట్టింది. సంతకం పెట్టాను.

వేసవిలో కాలువ కట్టేశారు. నీళ్ళు వదలకముందే చైను పుల్లీతో తొమ్మిది రాళ్ళనీ గట్టు దిగువన, ప్రవాహం బాగా తగిలే చోట దించాం. కాలువల వాళ్ళ అనుమతి కాయితం నా జేబులోనే ఉండేది. ఒక్కొక్క రాయి మెట్ల నుంచి ఎన్ని అడుగుల్లో ఉందో నోటు పుస్తకంలో రాసుకున్నాను. నీళ్ళొచ్చాయి. నడి వర్షాకాలంలో కాలువ గట్లు రాసుకుంటూ ఎర్రగా పారుతుంటే, ఆదివారాలు వెళ్ళి ఏమీ కనిపించని చోట నిలబడి చూసేవాణ్ణి. చూడటం నేర్చుకోవడానికి ఆర్టిస్టుకు మూడో ఏడాది పట్టింది. నాకు ముప్ఫై మూడో ఏడాది పట్టింది.

మార్చిలో రిటైరయ్యాను. దండలు పడ్డాయి, సున్నం జోకు కూడా పడింది.

ఏప్రిల్లో మళ్ళీ కాలువ కట్టేశారు. బురద కొంచెం గట్టిపడ్డాక రాళ్ళు తీద్దామని వారం ఆగాం. ఒక రోజు పొద్దున్న ఆమె ఫోన్ చేసింది. "సారూ, పూడిక తీసే జేసీబీ దిగిందండి. మన మెట్ల కాడికి వస్తంది. నేను అమ్మాయిగారికి చెప్పా, పుల్లీ ఏసుకొస్తంది. మీరు తొరగా రండి."

బండి మీద వెళ్ళాను. జేసీబీ రాళ్ళకు ఇరవై గజాల్లో ఉంది. బకెట్టు నిండా బురద, ప్లాస్టిక్ సంచులు, వినాయకుడి విగ్రహాల కర్రలు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి బురదలోకి దిగాను. చెప్పు ఒకటి లోపలే ఉండిపోయింది. నోటు పుస్తకం చూసి ఒకటో రాయి ఉన్న చోట నిలబడ్డాను. రాయి కనిపించడం లేదు, పైన జానెడు బురద.

డ్రైవరు తల బయట పెట్టాడు. "ఏంది పెద్దాయనా, తప్పుకో!"

"ఇక్కడ తవ్వడానికి లేదు. కింద తొమ్మిది రాళ్ళున్నాయి."

"రాళ్ళుంటే తీసి పారేస్తాం. దానికేగా వచ్చింది."

"పారెయ్యడానికి లేదు. అవి మావి."

"ఎవరండీ మీరు? ఆఫీసరా?"

ఆ ప్రశ్నకు ముప్ఫై మూడేళ్ళుగా నా దగ్గర జవాబు ఉండేది. జేబు తడుముకున్నాను. పాత అనుమతి కాయితం ఉంది, గడువు దాటిపోయింది. "ఆఫీసర్ని కాను. ఎవర్నీ కాను. కానీ కదలను" అన్నాను.

అతను ఇంజను ఆపలేదు. బకెట్టు కొంచెం ముందుకు తెచ్చాడు, బెదిరించడానికి. నేను బురదలో కాలితో వెతికి రాయి మీదకు ఎక్కి నిలబడ్డాను. కాలి కింద జారింది. పాచి పట్టిన రాయి జారుతుంది. జారడం తెలిసిన క్షణాన నాకు కలిగిన సంతోషం ఏ పదోన్నతికీ కలగలేదు.

అప్పుడు ఆమె గట్టు మీద నుంచి అరిచింది. "ఒరే అబ్బాయ్, నీకు మీ ఊళ్ళో పెద్దోళ్ళు లేర్రా? ఆయన ఏడాదిగా ఆదివారం ఆదివారం వచ్చి ఇక్కడే నిలబడతన్నాడు. రెండు గంటలు ఆ పక్క తవ్వుకో, టీ నేను తెస్తా!"

జేసీబీ ఆ పక్కకు తిరిగింది. ఆమె నా తరఫున మాట్లాడటం అదే మొదటిసారి. అంత మాట నాకు దక్కాల్సింది కాదని నాకు తెలుసు.

రెండు గంటలన్నది ఐదు గంటలైంది. ఆర్టిస్టు పుల్లీతో వచ్చింది. ఒక్కొక్కటీ తేలింది. బురద కడిగితే సున్నం లేదు, జేగురు లేదు. నలుపు పూర్తిగా రాలేదు గాని మొదలైంది, ఆకుపచ్చ పట్టింది. అడుగున ఒక కొత్త గీత, ఆ ఏడాది నీటిది. తొమ్మిదింటినీ చూశాను. చేరెడు నలుపు మిగిలిన రాయి ఏదో నాకు తెలియలేదు. అన్నీ ఒకలాగే ఉన్నాయి. ఆమెను అడిగితే, "ఇప్పుడెందుకండీ?" అంది.

ఒక్క రాయిలో మాత్రం నెర్రె లోపల సున్నం గట్టిపడి ఉండిపోయింది. జానెడు పొడవున తెల్లటి చార. సన్నటి ఉలితో తీయిస్తానన్నాను. ఆర్టిస్టు ఆమె వైపు చూసింది. ఆమె అడ్డంగా తల ఊపింది. తీయలేదు.

ఈసారి ప్రారంభోత్సవం లేదు. గేటు తీశారు, అంతే. నేను ఆదివారాలు వెళతాను. గీతలు గీయడం ఆమె నేర్పుతోంది. నాకింకా పట్టుబడలేదు. "అడుగు పడిందండి సారూ" అంటుంది వెనక నుంచి. మళ్ళీ మొదలుపెడతాను. నా మీద ఉన్నది పోయిందో లేదో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగకూడదని నిర్ణయించుకున్నాను.

పోయిన వారం కాలేజీ అమ్మాయిలు నలుగురు బొమ్మలు గీసుకోవడానికి వచ్చారు. ఒకమ్మాయి ఆ తెల్లచారను చూసి ముచ్చటపడింది. "ఆంటీ, ఈ రాయిలో ఈ తెల్లది ఎంత బాగుందో! పుట్టుకతోనే ఉంటుందా?"

ఆమె పళ్ళచెక్క మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. "సారుని అడగండి" అంది.

నలుగురూ నా వైపు తిరిగారు.

"సున్నం అమ్మా" అన్నాను. "పుట్టుకతో వచ్చింది కాదు. నేనే వేయించాను."

ఎందుకని అడిగారు. మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను. హాజరు పుస్తకం మాట దగ్గరకు వచ్చేసరికి ఆగబోయి, ఆగలేదు. ఆమె అప్పటికే చెక్క కంకరలో పెట్టి, మా వైపే చూస్తూ, అడుగు తర్వాత అడుగు వెనక్కి వేస్తూ వెళుతోంది.